తొకిబే పోతాడా, ఉంటాడా?

"సినిమా ఎలా ఉంది, ఎలా ఉంది" అని వచ్చిన దగ్గర్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు కదా, చెబుతాను, కాస్త ఈ టీ తాగనివ్వండి. మూడు రోజుల్లో మూడుసార్లు చూశాను. అందులో రెండుసార్లు చూసినట్టు లెక్క కాదు. ఎందుకు కాదో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు. ఆదివారం నుంచీ నాకు సిగ్గు అలవాటైపోయింది.

మీలో ఒకరిద్దరు కొత్తవాళ్ళున్నారు కాబట్టి మొదట్నుంచీ మొదలుపెడతాను. 'మంచు కనుమ' టీవీలో పదకొండేళ్ళు నడిచిన బొమ్మల సీరియల్. దాని ఆఖరి ఘట్టాన్ని ఇప్పుడు సినిమాగా తీశారు. అందులో తొకిబే అని ఒక ముసలి కూలీ ఉంటాడు. కావడికి ఉప్పు బస్తాలు కట్టుకుని, కొండ దాటి అవతలి ఊళ్ళకి మోస్తాడు. దొంగలు అడ్డం వస్తే బస్తాలు కింద పెట్టి, ఆ కావడిబద్దతోనే ఇరవైమందిని పడుకోబెడతాడు. తర్వాత మళ్ళీ బస్తాలెత్తుకుని, ఆలస్యమైనందుకు ఉప్పు దుకాణం వాడికి వంగి వంగి క్షమాపణ చెబుతాడు. యాభై రెండేళ్ళ వయసులో నాకు ఆదర్శపురుషుడు ఎవరయ్యా అంటే తొకిబేయే.

ఇక మా ఆవిడ నహోకో. నీగట స్టేషన్ వెనక చాపల దుకాణం పైన ఒక చిన్న కంపెనీ ఉంది. పదకొండు మంది పనిచేస్తారు. టోక్యో నుంచి గీతల బొమ్మలు వస్తే, వీళ్ళు కంప్యూటర్ మీద ఒక్కొక్క బొమ్మకీ రంగులు నింపి పంపిస్తారు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పని అదే. ఎన్ని సినిమాలకి రంగులు వేసినా ఆఖర్న తెరమీద కంపెనీ పేరు ఒక్కటే పడుతుంది. మనుషుల పేర్లు ఎప్పుడూ పడలేదు.

రెండేళ్ళ కిందట 'మంచు కనుమ' పని వాళ్ళ కంపెనీకి వచ్చింది. ఆ రోజు నేను ఎగిరి గంతేశాను. పైకప్పు తగిలింది. ఎందుకంటారా? తొకిబే ఆఖరికి పోతాడా, ఉంటాడా అన్నది దేశంలో ఎవరికీ తెలియదు. నా పక్కనే పరుపు పరుచుకుని పడుకునే మనిషికి తెలుసు!

"ఏమోయ్, తొకిబే పోతాడా, ఉంటాడా?"

"సంతకం పెట్టానండీ. ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పకూడదు."

"నేను ఇంట్లో వాడినా? నీ భర్తని!"

"పులుసు చల్లారిపోతోంది, తాగండి."

ఇది మొదటి రోజు. తర్వాత రెండేళ్ళూ ఇదే. రోజూ రాత్రి అన్నం దగ్గర నేను అదే ప్రశ్న వెయ్యడం, ఆవిడ ఏదో ఒక గిన్నె నా ముందుకు జరపడం.

నేను చెయ్యని ఎత్తు లేదు. ఒకరోజు అన్నాను, "సరే, నోటితో చెప్పకు. పోయేట్టయితే ముల్లంగి ఊరగాయ ముక్క తిను, ఉండేట్టయితే వంకాయ ముక్క తిను. సంతకంలో ఊరగాయ సంగతి లేదు కదా!"

నహోకో రెండు ముక్కల వైపూ చూసి, ఉత్త అన్నం తిని లేచింది. ఆ వారమంతా ఊరగాయ ముట్టలేదు.

ఇంకోసారి, నిద్రలో అడిగితే మనుషులు నిజం చెబుతారని ఎక్కడో చదివి, తెల్లారుజామున చెవి దగ్గరకెళ్ళి మెల్లిగా అడిగాను. కళ్ళు కూడా తెరవకుండా "సంతకం పెట్టాను" అంది. అలాంటి మనిషితో పాతికేళ్ళుగా కాపురం చేస్తున్నాను, ఆలోచించండి.

మొన్న డిసెంబరులో ఒకరోజు తనంతట తనే ఆ మాట ఎత్తింది. వీధి గుమ్మంలో మంచు బూట్లు విప్పుతూ, ముఖం అటు తిప్పుకునే చెప్పింది.

"ఈసారి పేర్లు వేస్తున్నారటండీ."

"ఎవరివి?"

"మావి. ఒక్కొక్కరివీ. దర్శకుడు పట్టుబట్టాడట, రంగులు వేసినవాళ్ళందరి పేర్లూ వెయ్యాలని."

"నీ పేరా? తెరమీదా?"

"ఇగరాషి నహోకో అని. రెండు క్షణాలు ఉంటుందేమో." బూట్లు తిన్నగా సర్ది పెట్టింది. అప్పటికే తిన్నగా ఉన్నవాటిని మళ్ళీ సర్దింది. "శుక్రవారం విడుదల. శుక్ర, శని నాకు కుదరదు, వేరే పని ఒప్పుకున్నాం. ఆదివారం ఒంటిగంట ఆటకి వెళ్దాం. మొదటిసారి ఇద్దరం కలిసి చూద్దాం. అంతదాకా ఆగుతారా?"

పాతికేళ్ళలో మా ఆవిడ నన్ను అడిగినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. "ఆగడమేమిటి, ఆదివారం దాకా సినిమా హాలున్న వీధిలో కూడా నడవను" అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఆ మాట మీరు నమ్మాలి.

మరి శుక్రవారం ఎందుకెళ్ళావంటారా? మా ఫ్యాక్టరీలో త్సురుమాకి ఉన్నాడుగా, అందువల్ల!

నేను పనిచేసేది బియ్యప్పిండి చెక్కల ఫ్యాక్టరీలో. ప్యాకింగ్ విభాగంలో ఈ త్సురుమాకికి మేం పెట్టుకున్న పేరు 'ముందుచెప్పు'. ఏ కథైనా ముందు చెప్పేస్తాడు. హంతకుడు ఎవరో చెప్పేస్తాడు, ఎవరు ఎవర్ని పెళ్ళాడతారో చెప్పేస్తాడు. గురువారం సాయంత్రం నా బల్ల దగ్గరకొచ్చి, "రేపు పొద్దున ఆటకి వెళ్తున్నా ఇగరాషి గారూ, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వచ్చి తొకిబే సంగతి మీ చెవిన వేస్తా" అన్నాడు. ఏదో ఉపకారం చేస్తున్నట్టు నవ్వాడు కూడా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ళు నా భార్య కడుపులో దాచుకున్న రహస్యాన్ని, ఈ మనిషి నోట్లో చెక్క నముల్తూ చెప్పేస్తాడు! వాడి నోట వినేకంటే తెరమీద చూడటం నహోకోకి కూడా గౌరవం కదా? తెల్లారేసరికి, నేను శుక్రవారం సినిమాకి వెళ్ళడం మా ఆవిడ కోసమే అన్న నిర్ణయానికి వచ్చేశాను.

మా సెక్షన్ పెద్ద అకిత్సు గారికి ఫోన్ చేసి పూట సెలవు అడిగాను, పంటి డాక్టరు దగ్గరకెళ్ళాలని. ఆయన్ని మేం 'మెత్తచెక్క' అంటాం, ఎక్కడా కరకరలాడరు. "పన్నా... అలాగా... అయితే మరి... చూడండి" అన్నారు. అది ఒప్పుకోవడమేనని ఇరవై ఏళ్ళ అనుభవంతో తెలుసుకున్నాను.

పదీ ఇరవై ఆటకి వెళ్ళాను. టోపీ, ముక్కుకి మాస్కు, చలికాలం కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సినిమా గురించి ఏం చెప్పను! కనుమ మీద కావడిబద్ద తిరుగుతుంటే సీటు వణికింది. వంతెన దగ్గర ఘట్టం వచ్చేసరికి మాస్కు తడిసి ముఖానికి అంటుకుపోయింది. తొకిబే ఏమయ్యాడో మాత్రం మీకు చెప్పను. సంతకం పెట్టిన మనిషి మొగుణ్ణి.

ఆ తర్వాతే వచ్చింది చిక్కు. పన్నెండూ ముప్ఫై రెండుకి ఫ్యాక్టరీ బస్సు. అది తప్పితే మెత్తచెక్క కూడా గట్టిపడతారు. సరిగ్గా పన్నెండూ ఇరవై నాలుగుకి తెర నల్లబడి పేర్లు మొదలయ్యాయి. మన హాళ్ళలో సంగతి మీకు తెలిసిందే, దీపాలు వెలిగేదాకా ఎవరూ లేవరు. చీమ కుట్టినా గోక్కోరు. అంతమంది అలా బొమ్మల్లా కూర్చుంటే, నేనొక్కణ్ణీ నడుం వంచుకుని, ప్రతి మోకాలికీ "క్షమించండి, క్షమించండి" అంటూ వరుస దాటి, దొంగలా బయటపడ్డాను. పదకొండేళ్ళ అభిమానిని, పేర్లు చూడకుండా పారిపోయాను.

బస్సెక్కాక బుర్రలో వెలిగింది. సినిమా శుక్రవారం చూశాను, సరే. పేరు చూడలేదుగా! పేరు ఆదివారానికి దాచిపెట్టాను. కాబట్టి మాట తప్పలేదు, సగం నిలబెట్టుకున్నాను. ఇలా ఆలోచిస్తూ పోగా పోగా, దిగే చోటు వచ్చేసరికి నా మంచితనానికి నాకే కళ్ళు చెమర్చాయి.

ఫ్యాక్టరీకి వెళ్తే త్సురుమాకి లేడు. జ్వరంతో సెలవు పెట్టాడట. సినిమాకి వెళ్ళనే లేదు.

ఆ రాత్రి నహోకో చేప కాల్చింది. నేను తల వంచుకుని తిన్నాను. ఏదైనా నోరు జారుతుందేమోనని నోటి నిండా అన్నం పెట్టుకున్నాను. "ఇవాళ పని ఎక్కువా?" అంది. "ఊఁ" అన్నాను. పులుసు తాగి, నా గిన్నెలు నేనే కడిగి, ఎనిమిదిన్నరకే ముసుగు తన్నాను. ఎంత తెలివిగా నెగ్గుకొచ్చానా అని ముసుగులోనే మురిసిపోయాను.

శనివారం ఆవిడ పని నుంచి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మంచుకి బస్సులు ఆగాయి కాబోలు అనుకున్నాను. అదీ ఒకందుకు మంచిదే అయింది. అద్దం ముందు నించుని ఆశ్చర్యపోవడం సాధన చెయ్యడానికి నాకు తీరిక దొరికింది.

ఆదివారం వచ్చింది. నహోకో నీలం స్వెటరు వేసుకుంది, పెదవులకి రంగు వేసుకుంది. దారి పొడుగునా నేను, "అబ్బ, ఎలా ఉంటుందో ఏమో! నాకైతే గుండె దడదడలాడుతోంది!" అని కూస్తూనే ఉన్నాను. ఆవిడ "అలాగా" అంటూ నడిచింది.

హాలు గుమ్మంలో టికెట్ చించే అమ్మాయి ఇద్దరికీ చెరో కవరు ఇచ్చింది. మొదటి వారం వచ్చినవాళ్ళకి లోపల ఒక బొమ్మ ఉంటుంది, ఎవరికి ఏది వస్తుందో తెలియదు. నేను ఆత్రంగా చింపాను. శుక్రవారం వచ్చిన గుర్రం బొమ్మే!

"అయ్యో, మళ్ళీ గుర్రమేనా!" అని నోట్లోంచి వచ్చేసింది.

నహోకో ఆగింది. "మళ్ళీ అంటే?"

"అంటే... ఏడాదికో జంతువు పేరు కదా... పోయిన ఏడాది కూడా... గుర్రం సంవత్సరమని... మా ఫ్యాక్టరీ క్యాలెండర్ మీద..."

"గుర్రం సంవత్సరం పోయిన ఏడాది కాదండీ."

"అందుకే కదా ఆశ్చర్యపోయాను!"

ఆవిడ తన కవరు విప్పకుండా సంచిలో పెట్టుకుంది.

సినిమా మొదలైంది. ఇక నా నటన చూడాలి! దొంగలు దూకే చోట ఉలిక్కిపడ్డాను. ఉలిక్కిపడటం కాస్త ముందైంది, దొంగలు ఇంకా చెట్టు చాటునే ఉన్నారు. నవ్వే చోట నవ్వాను, ఆ హాస్యం నా నవ్వు అయ్యాక వచ్చింది. వంతెన ఘట్టమైతే మరీ ఘోరం. తొకిబే ఇంకా టీ కొట్లో కూర్చుని హాయిగా నూడుల్స్ తింటున్నాడు, పక్కన పిల్లలు ఆడుకుంటున్నారు, వాన కూడా లేదు, నాకేమో కళ్ళవెంట ధారలు కట్టేశాయి. తర్వాత ఏం జరగబోతోందో తెలుసు కదా! రుమాలు తీసి బుర్రుమని చీదాను. అటుపక్క కూర్చున్న పెద్దావిడ తెరవైపు, నావైపు మార్చి మార్చి చూసింది, నూడుల్స్ చూసి ఏడ్చే మనిషిని ఎక్కడా చూడనట్టు.

నహోకో తెరవైపే చూస్తోంది. ఒక్కసారి కూడా నావైపు తిరగలేదు.

తెర నల్లబడింది. పేర్లు మొదలయ్యాయి. నేను కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. దీనికోసమేగా వచ్చింది!

నహోకో లేచింది. సంచి భుజానికి తగిలించుకుని, నడుం వంచి, నా మోకాళ్ళ ముందుకొచ్చింది.

"ఎక్కడికి?" అన్నాను గుసగుసగా.

"ఇంటికి."

"ఇప్పుడా? పేర్లు!"

"శుక్రవారం మీరు లేచింది ఇప్పుడేగా. పదండి, మీకు అలవాటైన దారే."

తెరమీద గొంతులిచ్చినవాళ్ళ పేర్లు వెళ్తున్నాయి.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే. శుక్రవారం రాత్రి, అన్నం తింటూ."

"నేను నోరే విప్పలేదు కదా!"

"అందుకే తెలిసింది. రెండేళ్ళు, ఒక్కరోజు తప్పకుండా, తొకిబే పోతాడా ఉంటాడా అని ప్రాణం తీశారు. విడుదలైన రోజు రాత్రి మాత్రం పులుసు తాగి పడుకున్నారు. తెలుసుకున్నవాడే కదా అడగడం మానేసేది?"

తెరమీద సంగీతం వాళ్ళు వచ్చారు.

"సరే, చూశాను. తప్పే. కానీ మధ్యలో లేచానని ఎలా..."

"నా పేరు చూసి ఉంటే రెండు రోజులు కడుపులో దాచుకోగలిగే మనిషేనా మీరు? నా పుట్టినరోజుకి కేకు తెస్తే, బూట్లు విప్పకముందే గుమ్మంలోంచి అరిచి చెప్పేస్తారు. మీరు చూడలేదు. ముందే లేచి వెళ్ళిపోయారు."

"బస్సు... కాదు, నేను కావాలనే... ఆదివారానికి దాచిపెట్టుకుందామని..."

"దాచిపెట్టుకోవడానికి అదేమన్నా ఊరగాయా?"

"కూర్చో నహోకో, నీకు దణ్ణం పెడతాను, కూర్చో!" అని స్వెటర్ చెయ్యి పట్టుకు లాగాను. ఆవిడ అటు లాగింది. వెనకనుంచి "ష్" అని వినబడింది. నా జన్మలో మన హాళ్ళలో ఆ శబ్దం వినలేదు. వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాను. ముందువరుసాయన తిరిగి చూశాడు, ఆయనకీ వంగి పెట్టాను. పక్కనున్న పెద్దావిడకీ పెట్టాను. ఇలా నాలుగు దిక్కులకీ వంగి లేచేసరికి, తెరమీద శబ్దం రికార్డు చేసిన గది పేరు వెళ్తోంది.

దీపాలు వెలిగాయి.

"చూశారా?" అంది నహోకో.

"లేదు" అన్నాను.

బయట హాలు వసారాలో బెంచీ మీద కూర్చున్నాం. జనం మా పక్కనుంచి వెళ్తూ సినిమా గురించి మాట్లాడుకుంటున్నారు. తిడుతుందేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీ మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

"నీ పేరు నువ్వు కూడా చూసుకోలేకపోయావు నా మూలంగా" అన్నాను.

"నేను చూసుకున్నాను."

"ఎప్పుడు?"

"పదిరోజుల కిందటే. పనిచేసినవాళ్ళకి ముందుగా ఒక ఆట వేస్తారు. మేమంతా వెళ్ళాం. నా పేరు వచ్చింది, చూశాను. పక్కన మాతో పనిచేసే తనబె గారున్నారు, ఆవిడ తన పేరు వెతుక్కుంటోంది. నేను నా పేరు చూసుకున్నాను. ఎవరి పేరు వాళ్ళే చూసుకుంటే ఏం బాగుంటుందండీ?"

జేబులోంచి గుర్రం బొమ్మ తీసి, మళ్ళీ లోపల పెట్టేసుకున్నాను.

"అది తెరమీద పడ్డప్పుడు మీ ముఖం చూద్దామనుకున్నాను" అంది. "అంతే నాకు కావలసింది. సినిమా అంతా నాకు కంఠతా వచ్చు."

చూడండి, జీవితంలో నేను చాలా వెధవపనులు చేశాను. ఫ్యాక్టరీలో ఒకసారి ఉప్పు బదులు చక్కెర పోయించాను. కానీ ఆ బెంచీ మీద కూర్చున్నంత చిన్నగా ఎప్పుడూ కూర్చోలేదు. లేచి నించున్నాను. "పద, మళ్ళీ చూద్దాం! ఇప్పుడే! నాలుగుంబావు ఆట ఉంది!" అని టికెట్ యంత్రం దగ్గరకి పరుగెత్తాను. తెరమీద అన్ని సీట్లూ బూడిదరంగులో ఉన్నాయి. హాలు నిండిపోయింది.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి రెండు టికెట్లు నా ముక్కు కింద పెట్టింది.

"నిన్న సాయంత్రం వస్తూ కొన్నాను. ఒంటిగంట ఆట మీ నటనకే సరిపోతుందని తెలుసు."

"నిన్ననా! అన్నీ తెలిసి, పొద్దున్నుంచీ నన్ను అలా..."

"గుర్రం సంవత్సరం బాగా చెప్పారు" అంది.

టికెట్లు చూశాను. ఒకటి మొట్టమొదటి వరుస. ఇంకోటి ఆఖరి వరుస, మూల. "ఇదేమిటి? ఇలా కూర్చుంటే నా ముఖం ఎలా చూస్తావు?"

నహోకో ముఖం కొంచెం ఎర్రబడింది. "రెండే మిగిలాయి. కోపంలో ఉన్నాను, కొనేశాను. ఆలోచించలేదు."

మా ఆవిడ కూడా ఆలోచించకుండా ఒక పని చేస్తుందని పాతికేళ్ళ తర్వాత తెలిసింది నాకు. ఆఖరి వరుస నేను తీసుకున్నాను.

మీరు అడిగారే, సినిమా ఎలా ఉందని, ఆ మూడోసారి చూసిందాని గురించే నేను చెప్పగలను. ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి ఆత్రం లేదు. నటించాల్సిన పని లేదు. కావడిబద్ద ఎటు తిరుగుతోందో చూడటం మానేసి, తొకిబే కోటు చూస్తూ కూర్చున్నాను. మొదట్లో అది నిండు నీలం. ఒక కనుమ దాటేసరికి భుజం దగ్గర, కావడి ఒరుసుకునే చోట, ఒక్క రవ్వ వెలిసింది. రెండో కనుమకి ఇంకో రవ్వ. వంతెన దగ్గరకి వచ్చేసరికి అది నీలమో, మంచో చెప్పలేని రంగయింది. ఆ ముసలాడు ఎన్నేళ్ళు మోశాడో ఎవరూ మాటల్లో చెప్పలేదు, ఆ భుజమే చెప్పింది. శుక్రవారం ఇది చూడలేదు నేను. నా కళ్ళన్నీ కొట్లాట మీదే ఉన్నాయి.

ఆ రవ్వంత తేడా వేల బొమ్మల్లో, ఒక్కొక్క బొమ్మలోనూ, ఎవరో చూసుకుని చూసుకుని వేశారు. అప్పుడు గుర్తొచ్చింది. ఈ రెండేళ్ళలో నహోకో పని నుంచి వచ్చి, వసారాలో ఆరేసిన నా పాత నీలం యూనిఫారం ముందు అలా నిలబడిపోయేది. నా మీద విసుగొచ్చి నించుందనుకునేవాణ్ణి. ఆ రెండేళ్ళూ నేను రోజుకొక ప్రశ్న అడిగాను. తొకిబే గురించి. నీ కళ్ళు మండుతున్నాయా అని ఒక్కరోజు అడిగానా? అడగలేదు. చీకట్లో ఎవరూ చూడరు కాబట్టి ఈసారి నిజంగా ఏడ్చాను. ఏడవాల్సిన చోట కూడా కాదు, తొకిబే మళ్ళీ నూడుల్సే తింటున్నాడు.

పేర్లు మొదలయ్యాయి. గొంతులు వెళ్ళాయి, సంగీతం వెళ్ళింది. హాలంతా కదలకుండా కూర్చుంది. ముందు వరుసలో ఒక తల వెనక్కి తిరిగింది. అంతమందిలో ఒక్క తల. నన్ను వెతుకుతోంది. ఆ దూరంలో, ఆ చీకట్లో, మూడువందల తలల్లో నేనెక్కడున్నానో ఆవిడకెలా తెలుస్తుంది?

నేను లేచి నిలబడ్డాను. నా వెనక గోడే ఉంది కాబట్టి ఎవరికీ అడ్డం కాదు. అయినా పక్కన వరుసంతా నావైపు తిరిగింది. ఈసారి ఎవరికీ వంగి క్షమాపణ చెప్పలేదు. వంగితే తెర కనబడదు.

'రంగులు' అని వచ్చింది. దాని కింద పదకొండు పేర్లు. ఏడోది ఇగరాషి నహోకో.

రెండు క్షణాలు కూడా లేదండీ! ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు పైకి జరిగి వెళ్ళిపోయింది. రోజూ ఇంటి గుమ్మం మీద చూసే పేరే. నా చొక్కాలు ఉతికే మనిషి పేరు. అంత పెద్ద తెరమీద, అంత చిన్న అక్షరాల్లో చూస్తే, ఎవరో నాకు తెలియని గొప్పావిడ పేరులా ఉంది. ఆవిణ్ణి ఒకసారి కలుసుకోవాలనిపించింది.

హాలు మనిషి చిన్న దీపం పట్టుకుని పరుగున వచ్చి, "అయ్యా, దయచేసి కూర్చోండి" అన్నాడు. "ఇక కూర్చుంటాను" అన్నాను.

బయటికొచ్చేసరికి నహోకో పోస్టరు పక్కన నించుని ఉంది.

"కనబడ్డానా?" అన్నాను.

"ఎవరో లేచారు. పొట్ట చూసి మీరేననుకున్నాను."

"ముఖం?"

"అంత చీకట్లో ముఖం ఎలా కనబడుతుందండీ?"

మూడు ఆటలు, ఒక దొంగ సెలవు, ఊరందరికీ దణ్ణాలు, ఇన్ని చేసి ఆవిడ అడిగిన ఆ ఒక్కటీ ఇవ్వలేకపోయాను. "పద, ఏడుంబావు ఆటకి..." అనబోయి ఆగిపోయాను. యాభై రెండేళ్ళ మనిషిని, జనం మధ్యలో, పాప్‌కార్న్ అమ్మే చోట, ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియక, మాస్కు కళ్ళదాకా లాక్కుని, టోపీ కిందికి దించుకుని నించున్నాను.

నహోకో సంచి కింద పెట్టింది. రెండు చేతులతో నా మాస్కు లాగి, నా టోపీ తీసి, నన్ను దీపం వైపు తిప్పింది. రంగు పడని చోటు ఎక్కడైనా మిగిలిందా అని బొమ్మని చూస్తారే, అలా ఈ చివర నుంచి ఆ చివరి దాకా నా ముఖం నిదానంగా చూసింది. నేను కదల్లేదు.

"చూశాను" అంది. "ఇక ముక్కు తుడుచుకోండి."